ఊరి సభలో నోరు విప్పితే మా ఆయనకు జరిమానా అంటున్నారు

నిజామాబాద్ వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. లాంగ్‌బుక్ కాగితాల మీద రెండు వైపులా రాసిన ఆరు పేజీల్లోంచి ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. పదో తరగతి దాకా చదివారు. పదమూడేళ్ళుగా పొదుపు సంఘంలో ఉన్నారు, రెండేళ్ళుగా గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. భర్తకు మూడెకరాలుంది, పసుపు, మక్క వేస్తారు. పొలం పని లేనప్పుడు ఆమె కూడా అందరిలాగే బీడీలు చుడతారు. నాలుగు వందల గడప ఉన్న ఆ ఊళ్ళో రెండు బెల్టు షాపులున్నాయి. ఒకటి కిరాణా కొట్టు వెనక, ఇంకొకటి సమాఖ్యలోని ఒక సభ్యురాలి తమ్ముడిది. మందు అమ్ముకునే హక్కును గ్రామాభివృద్ధి కమిటీ ఏటా వేలం వేస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని వీడీసీ అంటారు. కులానికి ఒక పెద్దమనిషి చొప్పున అందులో కూర్చుంటారు, ఆడవాళ్ళెవరూ లేరు. ఈ ఏడు వేలం ఆరు లక్షలకు పోయింది. ఆ డబ్బుతో గుడి కడుతున్నారు.

ఇటు సమాఖ్యలో కిస్తీలు ఆగిపోతున్నాయి. ఒకామె శ్రీనిధి అప్పుతో (పొదుపు సంఘాల వాళ్ళకు అప్పులిచ్చే సంస్థ అది) బర్రెను కొంటే భర్త దాన్ని అమ్మి తాగేశాడు. మండల సమాఖ్య మీటింగ్‌లో అందరి ముందూ "మీ ఊరి బకాయిలేంటమ్మా" అని అడిగితే తల దించుకోవాల్సి వస్తోందట. పోయిన గ్రామసభకు ఉత్తరం రాసినామె పద్నాలుగు మందిని వెంటబెట్టుకుని వెళ్ళి బెల్టు షాపుల మాట ఎత్తారు. సర్పంచ్ ఆడమనిషే, ఆమె పలకలేదు. సర్పంచ్ భర్త లేచి "అది వీడీసీ ముచ్చట, ఇక్కడ తియ్యద్దు" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకున్నారు, సభ అయిపోయింది. మూడో రోజు వీడీసీ ఉత్తరం రాసినామె భర్తను పిలిపించింది. "మీ ఇంటామె ఎక్సైజోళ్ళ దగ్గరికి పోతే యాభై వేలు జరిమానా. కట్టకుంటే నీ పొలంలకు కూలోళ్ళు రారు, నీ ఇంటికి ఎవరూ రారు" అన్నారు. అలా అన్నవాళ్ళ మధ్య ఆమె బావ, అంటే భర్త సొంత అన్న, కులపెద్దగా కూర్చుని ఉన్నాడు. ఆయన అవుననలేదు, కాదనలేదు. భర్త ఇంటికొచ్చి కోప్పడలేదు గానీ పది రోజులుగా ఆమెతో మాట్లాడటం లేదు.

"ఎక్సైజోళ్ళకు ఫిర్యాదు ఇయ్యాల్నా, పదవికి రాజీనామా చెయ్యాల్నా? మా ఆడోళ్ళకే పట్టనప్పుడు నేనొక్కదాన్ని ఎందుకు చెడ్డ కావాలె?" అని అడుగుతున్నారు.

*

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, దానితోనే నాకు పేచీ ఉంది.

మీ వెంట పద్నాలుగు మంది వచ్చారు. సభ పగలు పదకొండు గంటలకని రాశారు. వెయ్యి బీడీలకు ఇంతని లెక్కగట్టి డబ్బులిచ్చే పనిలో ఉన్న మనిషి పదకొండు గంటలకు చాట పక్కన పెట్టి లేచి వచ్చిందంటే, ఆ రోజు కూలిలో సగం వదులుకుని వచ్చినట్టు. పట్టని మనిషి ఆ పని చేయదు. వాళ్ళు ఎందుకు నోరు విప్పలేదో మీ ఉత్తరంలోనే ఉంది. కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు ఉందని రాసి ముందుకు వెళ్ళిపోయారు. ఆ కొట్లో ఎంతమందికి ఉద్దెర ఉంది? మీ పద్నాలుగు మందిలో ఎన్ని పేర్లు ఆ ఉద్దెర పుస్తకంలో ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. పప్పు, నూనె అరువిచ్చేవాడి ముందు నిలబడి "నీ షాపు మూయించాలి" అనడం ఎవరికైనా కష్టమే. తమ్ముడు షాపు నడుపుతున్న ఆమె సంగతి చెప్పనే అక్కర్లేదు, అసలు వచ్చినందుకే ఆమెను మెచ్చుకోవాలి.

ఇంకో సంగతి మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. వాళ్ళను తీసుకెళ్ళారు గానీ మాట పంచలేదు. ఎవరు ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. మీరు లేచి మాట్లాడారు, మీ వెనక పద్నాలుగు మంది కూర్చున్నారు. అందుకే వీడీసీకి కూడా కనిపించింది మీరొక్కరే, పిలిపించింది మీ ఆయనొక్కణ్ణే.

నలుగురైదుగురు ఒక అరుగు మీద చేరి బీడీలు చుట్టేటప్పుడు వాళ్ళ మాటలు వినే ఉంటారు. ఎవరి మొగుడు ఎంత తాగుతున్నాడు, ఎవరి పుస్తెలు ఎక్కడ కుదువపెట్టారు, అన్నీ అక్కడ వస్తాయి. మీ ఊరి ఆడవాళ్ళ సభ రోజూ ఆ అరుగు మీదే జరుగుతోంది. తీర్మానం ముందు అక్కడ తయారుకావాలి.

ఇక వీడీసీ. మీ వైపు జిల్లాల్లో ఈ కమిటీలు చాలాచోట్ల ఉన్నాయి. గుళ్ళు కట్టించారు, బడికి గదులు వేయించారు, సర్కారు కోసం ఎదురుచూడకుండా బోర్లు వేయించిన ఊళ్ళూ ఉన్నాయి. కాబట్టి వీడీసీ అంటే దుర్మార్గుల గుంపు అని మీరు అనకండి, అలా అన్న రోజే సగం ఊరు మీకు ఎదురు తిరుగుతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. వీడీసీ పేరు పంచాయతీ చట్టంలో ఎక్కడా లేదు. జరిమానా వేసే అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు. మందు అమ్మే హక్కు వేలం వేయడం దాని చేతిలో అసలే లేదు. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, ఆరు లక్షలు పాడుకున్నా నేరం నేరమే. గ్రామసభ మాత్రం రాజ్యాంగంలో ఉంది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా సభ జరగాలి. ఏడాదిలో కనీసం రెండు సభల్లో ప్రత్యేకంగా ఆడవాళ్ళ, ముసలివాళ్ళ, వికలాంగుల సమస్యలు మాట్లాడాలి. "ఇక్కడ తియ్యద్దు" అన్న సర్పంచ్ భర్త ఆ సభలో ఒక ఓటరు, అంతే.

అయితే మీ ఊళ్ళో చట్టం ఉన్న చోట జనం లేరు, జనం ఉన్న చోట చట్టం లేదు. షాపులు ఉండాలా పోవాలా అన్నది తేలేలోపు ఇంకో పోరు ఉంది: ఆ మాట ఏ అరుగు మీద తేలాలి అన్నది. మీరు మొదటిదాన్ని పట్టుకున్నారు. నేను రెండోదాన్ని పట్టుకోమంటాను.

దానికి ముందు ఒక లెక్క. ఆరు లక్షలు పాడినవాడు ఆ డబ్బు ఎక్కడినుంచి రాబడతాడు? సీసా మీద పది, ఇరవై ఎక్కువ వేసి మీ ఊరి మగవాళ్ళ జేబుల్లోంచే. నాలుగు వందల గడపకు పంచితే ఇంటికి ఏడాదికి పదిహేను వందలు. అంటే గుడి ఊరి చందాతోనే కడుతున్నారు, కాకపోతే ఆ చందా తాగుబోతుల ఇళ్ళమీద పడుతోంది, మీ సంఘం కిస్తీల్లోంచి పోతోంది. ఇంకా ఆ సీసాల అసలు ధర ఈ లెక్కలో లేనే లేదు. ఈ లెక్కను పదవిలో ఉన్నవాళ్ళు చెబితే రాజకీయం అంటారు, సమాఖ్య పుస్తకాల్లోంచి చెబితే కాదనలేరు. ఏ ఏ అప్పులు ఆగాయి, ఎన్ని ఆగాయి, అందులో మందు వల్ల ఆగినవెన్ని, సమాఖ్య లెక్కలు రాసే మీ వీఓఏతో కూర్చుని రాయించండి. పేర్లొద్దు, మొత్తాలు చాలు. ఒకామె బర్రె కథ సభలో చెబితే ఆమె భర్త పరువు పోతుంది, ఆమెకు దెబ్బలు పడతాయి. "మా సమాఖ్యలో ఇన్ని లక్షలు ఆగాయి" అంటే ఎవరి ఇంటికీ తగలదు.

"మరి గుడి డబ్బులు ఎవరిస్తారు?" అని తప్పకుండా అడుగుతారు. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే మీ మాట అక్కడే ఆగిపోతుంది. ఇంటికింత చందా అనొచ్చు. అప్పుడు తాగనివాళ్ళు "మేమెందుకు కట్టాలి" అంటారు, అదీ న్యాయమే. రెండు పంటలకు విడగొట్టడమో, పని నెమ్మదిగా చేయడమో, ఏదో ఒకటి మీ అరుగుల మీద ముందే తేల్చుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఎక్సైజ్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చు. వాళ్ళు వస్తారు, కొన్ని సీసాలు పట్టుకుంటారు, కేసు రాస్తారు. నెల తిరిగేసరికి అదే మందు ఇంకో ఇంట్లోంచి వస్తుంది. ఈలోపు ఫిర్యాదు ఎవరిచ్చారో ఊరంతా తెలిసిపోతుంది. ఒంటరిగా మీ పేరు మీద ఇవ్వడం నాకు ఇష్టం లేదు. సమాఖ్య తీర్మానం జతచేసి, కనీసం కార్యవర్గం అందరి సంతకాలతో ఇస్తే ఆ కాగితానికి బరువు వేరు. అయినా దీన్ని నేను చివరికి పెట్టుకుంటాను.

రెండోది గ్రామసభ దారి. నెమ్మదిగా సాగుతుంది, విసుగు పుట్టిస్తుంది. సభకు కనీసం పది రోజుల ముందు సమాఖ్య లెటర్‌హెడ్ మీద పంచాయతీ కార్యదర్శికి రాసివ్వండి: ఫలానా అంశం అజెండాలో పెట్టాలని, సభ సాయంత్రం ఆరు తర్వాత పెట్టాలని. రెండో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సాయంత్రం సభ అడగడం చిన్న సంగతిలా ఉంటుంది గానీ, మీవాళ్ళు కూలి పోకుండా రావాలంటే అదే తలుపు. మీ ఓటర్ల సంఖ్యకు కోరం ఎంతో కూడా కనుక్కోండి, కోరం లేని సభలో సంతకాలు పెట్టకండి. సభ అయ్యాక తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామస్థాయిలో దానికి ఫీజు కూడా లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పోయిన సభ మినిట్స్‌లో మీరు ఎత్తిన మాట అసలు రాశారా లేదా, నాకైతే ముందు అదే చూడాలనిపిస్తోంది.

ఇక్కడే ఇంకో ప్రశ్న. 2018 చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ముగ్గురు కో-ఆప్షన్ సభ్యులు, అంటే ఎన్నిక లేకుండా తీసుకునేవాళ్ళు, ఉంటారు. వాళ్ళలో ఒకరు గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. ఓటు హక్కు ఉండదు గానీ పంచాయతీ మీటింగ్‌లో కుర్చీ ఉంటుంది, మాట ఉంటుంది. ఆరు పేజీల్లో మీరు ఎక్కడా ఆ కుర్చీ సంగతి రాయలేదు. మిమ్మల్ని తీసుకున్నారా? తీసుకోకపోతే మీ మొదటి దరఖాస్తు అదే కావచ్చు. బెల్టు షాపు మాటే లేని దరఖాస్తు కాబట్టి వీడీసీకి కోపం రావడానికీ వీలుండదు.

మొదటి సభలోనే బెల్టు షాపుల తీర్మానం పెట్టొద్దని కూడా అంటాను. మీరు ఏటా సమాఖ్య తరఫున ఊరి పేద ఇళ్ళకు ఏం కావాలో ప్రణాళిక రాసి పంచాయతీ ప్రణాళికలో కలపడానికి ఇస్తారు కదా. చాలా ఊళ్ళలో అది సంఘాల పని చూసే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) గారి కోసం నింపే ఫారంగా మిగిలిపోతుంది. దాన్నే పట్టుకోండి. అంగన్‌వాడీ దారిలో లైటో, మోరీ మీద బండలో, అందరికీ కావలసినదేదో ఒకటి. ముగ్గురు మాట్లాడాలి, మీరు మాట్లాడకూడదు. ఒకామె అడగాలి, రెండో ఆమె "మా వాడకట్టుల కూడా అట్లనే ఉన్నది" అనాలి, మూడో ఆమె "ఎప్పటిలోపు చేస్తరు, పుస్తకంల రాయండి" అనాలి. ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో పంచాయతీకి వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు ఫోన్‌లోనే కనిపిస్తాయి, డిగ్రీ చదివే పిల్లలెవరైనా చూపిస్తారు. నోరు తెరిచిన మనిషికి రెండోసారి తెరవడం సులభం. నెల తర్వాత ఆ లైటు వెలిగితే మీ వెంట వచ్చేవాళ్ళు పద్నాలుగు దగ్గర ఆగరు.

ఈ దారిలో నష్టమూ ఉంది. ఆర్నెల్లు పడుతుంది, ఆ ఆర్నెల్లలో ఇంకో రెండు బర్రెలు పోవచ్చు. పైగా గ్రామసభ తీర్మానం చేసినంత మాత్రాన షాపుకు తాళం పడదు. కానీ ఆ కాగితంతో మీరు ఎక్సైజ్ ఆఫీసుకో కలెక్టర్ అర్జీలు తీసుకునే ప్రజావాణికో వెళితే అది ఒక ఇంటి ఆమె ఫిర్యాదుగా ఉండదు.

మూడోది వీడీసీతోనే మాట్లాడటం. వచ్చే వేలం ఆపమనో, కనీసం రెండు షాపుల్లో ఒకటి తీసేయమనో, వేలం డబ్బు లెక్క ఊరందరి ముందు చదవమనో అడగొచ్చు. "వాళ్ళ దగ్గరికి పోవడమంటే వాళ్ళ అధికారాన్ని ఒప్పుకున్నట్టే కదా" అనే వాదన ఉంది, కొంత నిజం కూడా. అయినా పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాల్సిన ఊళ్ళో మాట తెగ్గొట్టుకుని ఏం చేస్తాం? మాట్లాడండి, కానీ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మన తెలంగాణలోనే వరంగల్ దగ్గర గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. 1980ల మొదట్లోనే మందు మానుకున్న ఊరు. అక్కడా కమిటీలే, నల్లా నీళ్ళకొకటి, పారిశుద్ధ్యానికొకటి, అలా పనికొకటి. కమిటీ అన్నదే చెడ్డది అయితే ఆ ఊరు అంత బాగుపడేది కాదు. మీ వీడీసీలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటే ఏమవుతుందో ఒకసారి అడిగి చూడండి. నవ్వుతారు. నవ్వనివ్వండి, అడిగిన మాట మాత్రం ఊళ్ళో తిరుగుతుంది.

దూబగుంట గురించి మీరు ఉత్తరంలో ప్రస్తావించారు, "రోసమ్మ లాంటి మనిషి మా ఊళ్ళో లేదు" అని. రోసమ్మ ముందుండగా ఆ దూబగుంటలో మొదలై నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాలు మూయించిన కథను మనం ఒక్క రాత్రిలో జరిగినట్టు చెప్పుకుంటాం. అంతకుముందు నెలల తరబడి వాళ్ళు సాయంత్రాలు అక్షరాస్యత కేంద్రాల్లో కలిసి కూర్చున్నారు, చదువుకున్న పాఠాల మీద మాట్లాడుకున్నారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు కూడా. మీకు ధైర్యం పోగొట్టాలని కాదు ఇది చెప్పడం. మూసిన షాపు మళ్ళీ తెరుచుకోవచ్చు, అప్పుడు మళ్ళీ అడగడానికి మనుషులు ఉండాలి.

బెదిరింపు సంగతి. యాభై వేల మాట అన్న తేదీ, చోటు, అక్కడున్నవాళ్ళ పేర్లు ఈ రోజే ఒక పుస్తకంలో రాసిపెట్టండి. నిజంగా జరిమానా అడిగితే కట్టకండి, "రసీదు ఇవ్వండి, ఏ చట్టం కింద అని రాసివ్వండి" అనండి. చాలాచోట్ల ఆ మాటకే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే బెదిరించి డబ్బు గుంజడం, వెలివేస్తామనడం పోలీసు కేసు అవుతుంది. వెలివేసింది ఎస్సీ, ఎస్టీ కుటుంబాన్నయితే అట్రాసిటీ చట్టంలో దానికి ప్రత్యేకంగా సెక్షనే ఉంది. మహారాష్ట్రలో సాంఘిక బహిష్కారం మీద విడిగా 2016 చట్టం ఉంది. ఇక్కడ మామూలు చట్టాలతోనే నడవాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. గొడవ ముదరకముందే ఒకసారి వెళ్ళి కలిసిరండి, ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని. కేసు పెట్టమని అనడం లేదు. కేసు పెడితే ఊళ్ళో మీ బతుకు ఎలా ఉంటుందో నేను చెప్పలేను, అది మీరే తూచుకోవాలి. కానీ వెళ్ళడానికి ఒక గుమ్మం ఉందని తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక ఇంటి సంగతి, నాకు తెలుసు మీకు అన్నిటికంటే బరువైనది ఇదే. మీ ఆయన పది రోజులుగా మాట్లాడటం లేదన్నారు. ఆయనకు మీ మీద కోపం కంటే సొంత అన్న ముందు తలవంచుకుని నిలబడాల్సి వచ్చిందన్న బాధ ఎక్కువేమో. మీరు సభకు వెళ్ళేముందు ఆయనకు చెప్పారా? ఉత్తరంలో లేదు. చెప్పకపోతే ఆ ఒక్క తప్పు మీది, ఒప్పేసుకోండి. ఆ తర్వాత ఆ పదిహేను వందల లెక్క ముందు ఆయనకే చెప్పండి.

మీ బావ కాదనలేదని బాధపడ్డారు. అవుననలేదు కూడా, అది మర్చిపోకండి. పెద్దమనుషుల మధ్య కూర్చున్న మనిషి నలుగురి ముందు తమ్ముడి భార్య పక్షం మాట్లాడలేడు. ఇంట్లో, అక్కయ్య ఉండగా, చాయ్ తాగుతూ అడిగితే మాట్లాడొచ్చు. ఆయన్ను షాపులు మూయించమని అడగకండి. "గుడి లెక్క ఊరికి చదివి వినిపిస్తే బాగుంటది బావా" అని మాత్రం అనండి. గుడి లెక్క చదవాలంటే వేలం డబ్బూ చదవాలి.

రాజీనామా గురించి. చేయొచ్చు, అందులో పాపం లేదు. రెండేళ్ళు మోశారు. కానీ ఇప్పుడు చేస్తే వీడీసీ పిలిపించినందుకే చేశారని ఊరనుకుంటుంది, తర్వాత ఆ కుర్చీలో కూర్చునే ఆమె బెల్టు షాపు మాట జన్మలో ఎత్తదు. తప్పుకోవాలనుకుంటే ఆ మూడు నోళ్ళు తెరుచుకున్నాక తప్పుకోండి, వాళ్ళలో ఒకరికి అప్పజెప్పి.

ఈ వారం మాత్రం రెండే పనులు. కో-ఆప్షన్ సీటు సంగతి సెక్రటరీని అడగండి. సాయంత్రం ఆకు తడిపే వేళకు ఆ అరుగు మీదికి మీ చాట కూడా పట్టుకెళ్ళి కూర్చోండి, తమ్ముడు షాపు నడుపుతున్న ఆమె పక్కనే. షాపు మాట మీరు ఎత్తకండి. ఆమె ఎత్తితే ఏమందో నాకు మళ్ళీ రాయండి.